జ్వరం పుస్తకం

పదకొండో భాగం

లిదియాను మనం గోదాం ఆఫీసు మెట్ల మీద నిలబెట్టి వచ్చాం. పాపం, నిలబడటం ఆమెకు కొత్తేమీ కాదు. ఆర్మూర్‌లోని ఈ పసుపు గోదాముల ఆఫీసు గేటు బయట నాలుగు నెలలు నిలబడ్డ మనిషి. కరోనా టీకా రెండు సూదులూ పడినట్టు సర్టిఫికెట్ చూపించిన ఉద్యోగులనే లోపలికి రానివ్వాలని పోయిన నవంబరులో ఆర్డరు వచ్చింది. లిదియా మొదటి సూది వేయించుకుంది. అరగంటలో మొహం వాచి, ఊపిరాడక, రెండు రోజులు దవాఖానలో పడుకుంది. రెండోది వద్దని డాక్టరు చీటీ రాసిచ్చాడు. ఆ చీటీని సూపరింటెండెంట్ త్రివేణి మేడం మడత కూడా విప్పకుండా తిప్పి పంపేసింది.

ఇప్పుడు మార్చి వచ్చింది, రోగం తగ్గింది, ఆర్డరూ మెత్తబడింది. ఇక సర్టిఫికెట్ అడగవద్దు, బయట ఉంచినవాళ్లను ఏడు రోజుల్లో చేర్చుకోండి అని కొత్త కాగితం దిగింది. ఆ కబురు వినే లిదియా పెర్కిట్‌లో ఆటో ఎక్కి పరుగున వచ్చింది. కరోనా పోతూ పోతూ తన కోసం ఒక ఫారం వదిలి పోయిందని ఆమెకు ఇంకా తెలియదు.

తెలియడానికి ఎంతసేపు పట్టింది కనుక! గదిలో అడుగు పెట్టగానే త్రివేణి ఆ ఫారాన్ని టేబుల్ మీద ఇటు తిప్పి జరిపింది.

"కూసో లిదియా."

"నిలవడుడు అలవాటైంది మేడం."

త్రివేణి తలెత్తి చూసింది. నలభై అయిదేళ్ల మనిషి. ఈ ఏడాదిలో జుట్టు సగం తెల్లబడింది, రంగు వేసుకోవడం మానేసింది. పెన్ను మూత తీసి ఫారం మీద పెట్టింది.

లిదియా ఫారం చదివింది. రెండే వాక్యాలు. "నేను నా ఇష్టపూర్వకంగా టీకా పూర్తి చేయించుకోలేదు. నా ఇష్టపూర్వకంగానే విధులకు హాజరు కాలేదు." కింద సంతకానికి గీత.

మొదటి వాక్యాన్ని ఆమె ఎలాగో మింగేసేది. మింగుడు పడనిది రెండోది. ఇష్టంతో మానేశానని ఒప్పుకుంటే పదమూడేళ్ల సర్వీసు మధ్యలో తెగిపోతుంది. ఈ ఎండాకాలంలో పర్మనెంటు చేసేవాళ్ల లిస్టు తయారవుతోంది. సర్వీసు తెగనివాళ్ల పేర్లే అందులోకి ఎక్కుతాయి. తెగితే మళ్లీ మొదటి రోజు నుంచి లెక్క. ముప్పై తొమ్మిదేళ్ల వయసులో కొత్తగా చేరిన పిల్లల వెనకాల నిలబడాలి. ఇనుప గొట్టం గోనెలోకి గుచ్చి పసుపు కొమ్ము లాగి, చెవి దగ్గర విరిచి, ఆ చప్పుడును బట్టి ఎండిందో పచ్చిగా ఉందో చెప్పగలిగిన మనిషి ఆ ఆఫీసులో ఆమె ఒక్కతే. ఆ పని నేర్చుకోవడానికే ఆరేళ్లు పట్టింది.

"గిదేంది మేడం? నా ఇష్టంతోని రాలేదని రాసిండ్రు?"

"అందరికీ గదే ఫారం. సంతకం పెట్టు, రేపట్నుంచి డ్యూటీల చేరు. అయిపోయినదాన్ని తవ్వుకుంట కూసుంటవా?"

"నేను దినాం వచ్చిన. మీరు వాపస్ పంపిండ్రు."

"మస్టర్ల ఆబ్సెంట్ అని ఉన్నది. మస్టర్ ఏం చెప్తె గదే."

"మస్టర్ లోపల ఉంటది మేడం. నన్ను లోపటికి రానిస్తె గద సంతకం పెట్టెటందుకు?"

త్రివేణికి చురుక్కుమంది. "ప్రార్థన జేస్తె కరోనా పోతదని సూది వద్దన్నదట అని ఆఫీసంత అనుకున్నరు. నేను ఒక్క మాటన్న అన్ననా నిన్ను?"

"మా పాస్టర్ అందరికన్న ముందు వేయించుకున్నడు. మా ఇంటాయన దేవరాజుకు రెండూ అయినయి. నా ఒంటికి పడలె, గంతే. మీరు అనలేదు మేడం, నిజమే. అన్నోళ్ల నోరు గూడ మూయించలేదు."

కిటికీ బయట బాల్కొండ నుంచి వచ్చిన బండ్ల నుంచి హమాలీలు పసుపు గోనెలు దించుతున్నారు. గదిలో కుర్చీల మీద, ఫైళ్ల మీద, త్రివేణి కళ్లద్దాల మీద కూడా పచ్చటి దుమ్ము.

"చూడు," అంది త్రివేణి చివరికి, "మూడు గంటలకు నిజామాబాద్ జిల్లా ఆఫీస్ నుంచి లక్ష్మీరాజం సార్ వస్తున్నడు. గీ సంతకాల కోసమే. ఏమన్న అభ్యంతరం ఉంటె ఆయనకు చెప్పుకో. నోటిమాటలు నడువయి. రాతల ఉండాలె. ఉన్నదా నీ దగ్గర?"

లేదు. ఏ రాతా లేదు. లిదియా పెన్ను ముట్టుకోకుండా బయటికి వచ్చేసింది. మెట్లు దిగుతూ, ఏమైనా కానీ, సంతకం మాత్రం పెట్టను అనుకుంది. అనుకోవడం సులువే, మూడు గంటలకు ఏం చూపించాలో మాత్రం తోచలేదు.

గేటు దగ్గర వాచ్‌మెన్ నడిపయ్య స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. జ్వరం చూసే పిస్తోలు గోడకు వేలాడుతోంది. కొత్త ఆర్డరుతో దాని ఉద్యోగమూ పోయింది. నడిపయ్యకు రిటైర్మెంటు ఇంకో ఏడాది ఉంది. ఆయన ఛాదస్తం ఆఫీసంతటికీ పెద్ద వేళాకోళం. గేటు దగ్గరికి వచ్చిన ప్రతి మనిషికీ జ్వరం చూసి రాయాలని అప్పట్లో పైనుంచి రాసి పంపారు. ప్రతి మనిషీ అంటే ఉద్యోగులని మిగతావాళ్లంతా అర్థం చేసుకున్నారు. నడిపయ్య మాత్రం ప్రతి మనిషీ అనే అర్థం చేసుకున్నాడు. రైతులు, హమాలీలు, పోస్టుమాన్, చాయ్ తెచ్చే ప్రవళిక, దారి తప్పి వచ్చి అడ్రసు అడిగినవాళ్లు, ఎవరినీ వదల్లేదు. అందరి నొసలూ చూశాడు, అందరి పేర్లూ రాశాడు.

"కాకా, రాతల ఉండాల్నట," అంది లిదియా ఆయన పక్కన గచ్చు మీద కూలబడి. "నాలుగు నెలలు గీ గేటు కాడికి వచ్చినట్టు రాత చూపియ్యాల్నట. ఏడికెల్లి తేవాలె?"

నడిపయ్య తువ్వాలతో మొహం తుడుచుకున్నాడు. లేచాడు, కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. గేటు పక్కన గదిలోకి పోయి, ఇనుప పెట్టె అడుగు నుంచి గోనె ముక్కలో చుట్టిన ఒక పుస్తకం తెచ్చాడు. నాలుగు వందల పేజీల బౌండు పుస్తకం. పోయిన ఏప్రిల్ నుంచి మొన్నటి దాకా అందులోనే రాశాడు.

"నవంబర్ ఎనిమిది చూడు," అన్నాడు.

లిదియా తిప్పింది. నడిపయ్య అక్షరాలు పెద్దవి, ఒక్కొక్కటీ దిద్దినట్టుంటాయి. "లిదియా. 97.4. తొమ్మిదీ నలభై. వాపస్." మర్నాడు అదే. ఆ మర్నాడూ అదే. క్రిస్మస్ ముందు రోజు, జలుబుతో వచ్చిన రోజు, వాన పడి ఆమె కొంగు పిండుకుంటూ నిలబడ్డ రోజు, అన్నీ ఉన్నాయి. లోపలికి పోయినవాళ్ల పేరు ఎదురుగా ఒక గీత, పోనివ్వనివాళ్ల పేరు ఎదురుగా వాపస్. అలా రాయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు. వచ్చిన మనిషి సంగతి ఏమయిందో రాయకపోతే ఆ రాత సగమేనని ఆయన లెక్క.

లిదియాకు ఏడుపొచ్చింది. నాలుగు నెలలు ఆ గేటు ముందు తాను ఎవరికీ కనపడలేదనే అనుకుంది. కనపడినవాళ్లు నవ్వుకున్నారు. ఒక మనిషి మాత్రం రోజూ తన పేరు రాసి పెట్టాడు.

"గీంత రాత పెట్టుకొని గిన్ని దినాలు ఊకున్నవేంది కాకా?"

నడిపయ్య పుస్తకం మీద అరచెయ్యి పెట్టాడు. "నీ పేజీలు చూసుకో బిడ్డా. ముందటి పేజీలు మాత్రం చూడకు."

చూడవద్దన్నాక చూడకుండా ఎవరుంటారు? లిదియా వెనక్కి తిప్పుతూ పోయింది. డిసెంబరు, నవంబరు, దసరా, వానాకాలం దాటి ఏప్రిల్ పందొమ్మిది దగ్గర ఆగింది. ఆ పేజీ చివర మడత పడి ఉంది, చాలాసార్లు తెరిచి మూసినట్టు.

"మహేశ్. 101.8. మేడం చెప్పినందుకు లోపటికి."

మహేశ్ త్రివేణికి తమ్ముడు. ఇదే ఆఫీసులో గేటు పాసులు రాసేవాడు. లిదియక్కా అని వెంటపడేవాడు. ఆమెను వెక్కిరిస్తూ తానూ ఒక పసుపు కొమ్ము చెవి దగ్గర విరిచి, "అక్కా, గిది రేపు వాన పడ్తదని చెప్తున్నది" అనేవాడు. పోయిన ఏప్రిల్ ఆఖరి రోజు చచ్చిపోయాడు. బాగానే పనికి వచ్చినవాడికి హమాలీల నుంచి కరోనా అంటుకుందని ఆఫీసంతా నమ్మింది, ఆలూర్‌లో వాళ్లమ్మ నమ్మింది, లిదియా కూడా నమ్మింది.

"నూటికి పైన ఉంటె పంపొద్దని ఆర్డర్," అన్నాడు నడిపయ్య నేల చూస్తూ. "నేను ఆపిన. మేడం కిందికొచ్చి, మావోడే, ఎండకు వేడెక్కిండు, పోనియ్యి అన్నది. పోనిచ్చిన. రాసిన. పదకొండు దినాలకు పోరడు పోయిండు. గప్పట్నుంచి గీ పుస్తకం ఆమె కండ్ల వడకుండ దాస్తున్న. కాలవెడ్దామంటె చేతులు రాలె."

"గా ఒక్క పేజీ చింపితె?" అడిగేసింది లిదియా. అడిగినందుకు తనమీద తనకే అసహ్యం వేసింది.

"పేజీ పేజీకి నంబరున్నది, మొహరున్నది. ఒక్కటి పోయినా పుస్తకం చెల్లదు. ఫోన్ల ఫోటో తీసుకపోతె అసలుది ఏదంటడు సారు."

అంటే తన పేరు బతకాలంటే ఆ పోయిన పిల్లాడి పేరు అందరి ముందూ బయటికి రావాలి. లిదియా గచ్చు మీద చాలాసేపు కూర్చుంది. తెచ్చుకున్న టిఫిను డబ్బా మూత తీయలేదు. రెండు కావస్తుండగా లేచి, పుస్తకం కొంగు కింద పెట్టుకుని, మళ్లీ ఆ గదికే పోయింది. చాటుగా దెబ్బ తీయడం ఆమెకు చేతకాదు.

పుస్తకం టేబుల్ మీద పెట్టింది గానీ మీద నుంచి చెయ్యి తీయలేదు.

"గేటు కాడి జ్వరం పుస్తకం మేడం. నా పేరు దినాం ఉన్నది. మహేశ్ పేరు ఏప్రిల్ పందొమ్మిది కాడ ఉన్నది."

త్రివేణి మొహంలో రక్తం ఇంకిపోయింది. లేచి పోయి తలుపు వేసి వచ్చింది.

"బెదిరిస్తున్నవా?"

"బెదిరించేటట్టయితె నేను దినాం వచ్చినట్టు మీతోనే రాయించి సంతకం పెట్టించుకుందును. నాకు నా పదమూడేండ్లు గావాలె మేడం, మీ తమ్ముని పేరు గాదు. కని పుస్తకం ఒక్కటే. నా పేజీలు చూసినాయన గా పేజీ గూడ చూస్తడు. మీకు చెప్పకుంట పెట్టుడు మంచిగనిపించలె. అందుకే వచ్చిన."

త్రివేణి పుస్తకం వైపు చూస్తూ నిలబడింది. తర్వాత కుర్చీలో కూర్చుంది. నిన్నటిదాకా ఆ గదిలో ఎవరూ వినని గొంతుతో మాట్లాడింది.

"పొద్దుగాల్నే ఒళ్లు కాలుతుండె వానికి. నేను చెయ్యివెట్టి చూసిన. సీజన్, పాసులు రాసేటోడు ఇంకొకడు లేడు. అక్కా, ఒక్క పూట అన్నడు. గా ఒక్క పూటకే పోనియ్యమన్న. కుర్చీల కూసొని పొద్దుమూకిందాక రాసిండు. ఇంటికి తోలి పండుకోబెడ్తె బతికేటోడేమో. అమ్మ ఇయ్యాలటికి హమాలీలనే తిడ్తది. ఊర్ల హమాలీ ఎవరన్న ఎదురైతె మొహం తిప్పుకుంటది. నేను పక్కనే ఉండి ఊకుంట."

"గందుకే నన్ను ఆపిండ్రా?"

"నిన్ను చూస్తె భయమయ్యేది లిదియా. ఇంకొకర్ని పంపితె, మళ్ల ఏమన్న అయితె, మళ్ల నేనే పంపినట్టు. డాక్టర్ చీటీ చదివితె నిన్ను పంపాల్సొస్తది. అందుకే చదువలె."

లిదియాకు జాలి వేసింది, కోపం కూడా వచ్చింది. ఇన్నాళ్లూ ఈ మనిషిని రాయి అనుకుంది. రాయి కాదు, తమ్ముడిని పోగొట్టుకున్న అక్క. అయినా పోయిన ఆ నాలుగు నెలలు తనవే కదా.

"మీ భయానికి నా నౌకరి పెట్టిండ్రు మేడం," అంది. "గది నేను మర్చిపోను."

"మర్చిపోకు. నేనేమన్న మర్చిపొమ్మన్ననా?" త్రివేణి కళ్లద్దాలు తీసి తుడుచుకుంది. "పుస్తకం ఒక్క గంట నా కాడ ఉండనియ్యి. మా అమ్మకు ఇంకొకల నోట తెలువొద్దు. నేనే ఫోన్ జేసి చెప్త. మూడింటికి నేనే తెచ్చి సార్ ముందట పెడ్త. నీ ఫారం తప్పని నా నోటితోనే అంట. ఒట్టు పెట్టమంటె పెడ్త."

లిదియా చెయ్యి పుస్తకం మీదే ఉంది. ఇవ్వొద్దని మనసు గట్టిగానే చెప్పింది. ఆలూర్‌లో ఉన్న ఆ ముసలి తల్లిని తలచుకుంది. కొడుకు సంగతి ఎవరో పరాయివాళ్లు చెబితే ఎలా తట్టుకుంటుందో అనుకుంది. చెయ్యి తీసింది.

"ఒట్టొద్దు మేడం. మాట చాలు."

ఈ సంగతి విన్న నడిపయ్య రెండు చేతులతో తల పట్టుకున్నాడు. "ఎంత పని జేసినవు బిడ్డా! ఉన్నది గా ఒక్క రాత. గదే తీసుకపోయి ఆమె చేతుల పెడ్తివా?"

నడిపయ్య మాట తప్పని లిదియా కూడా అనలేకపోయింది.

లక్ష్మీరాజం సార్ పది నిమిషాలు ఆలస్యంగా వచ్చాడు. మాస్కు గడ్డం కిందికి జారి ఉంది. మంచినీళ్లు తాగి, హాల్లో పొడుగు టేబుల్ వెనక కూర్చుని, ఫారాలు ముందుకు లాక్కున్నాడు. ఆఫీసులో పని ఆపి అందరూ గోడల వెంట చేరారు. లిదియాతో పాటు సర్టిఫికెట్ లేక ఆగిపోయిన డ్రైవర్లు ఇద్దరు ఉన్నారు. వాళ్లు నవంబరులోనే గల్ఫ్ వీసాల కోసం తిరగడానికి పోయినవాళ్లు. వాళ్ల ఫారంలో ఉన్నది నిజమే కనుక చకచకా సంతకాలు పెట్టి తప్పుకున్నారు.

"లిదియా."

"నేను సంతకం పెట్ట సార్. నా ఇష్టంతోని మానలేదు. నాలుగు నెలలు దినాం గేటు కాడికి వచ్చిన."

"రుజువున్నదా అమ్మా?"

"ఉన్నది సార్. గేటు కాడ రాసిన జ్వరం పుస్తకం. మేడం తెస్తున్నది."

అప్పుడే త్రివేణి హాల్లోకి వచ్చింది. చేతుల్లో లిస్టు ఫైలు ఉంది. పుస్తకం లేదు. ఎవరి వైపూ చూడకుండా వచ్చి లక్ష్మీరాజం పక్క కుర్చీలో కూర్చుంది.

"త్రివేణిగారూ, ఏదో పుస్తకమున్నదట?"

త్రివేణి పెదవులు తడుపుకుంది. తలుపు వైపు ఒకసారి చూసింది.

"ఏ పుస్తకం సార్?"

హాలంతా గుసగుసలు లేచాయి. ఎవరో కిసుక్కుమన్నారు. లిదియాకు చెవులు దిమ్మెక్కాయి. నోటిమాట నమ్మి ఉన్న ఒక్క ఆధారాన్నీ చేజేతులా పోగొట్టుకున్నానని అర్థమైంది. లక్ష్మీరాజం జాలిగానే పెన్ను ఇటు తిప్పి చాపాడు. "ఎందుకమ్మా గింత పంతం? సంతకం పెడ్తె రేపట్నుంచి నౌకరి. పెట్టకపోతె గది గూడ ఉండది."

లిదియా పెన్ను వైపు చూసింది. పదమూడేళ్లు ఈ హాలు మీదుగా నడిచి గోదాములోకి పోయింది. ఉన్న నౌకరి నిలవాలంటే ఆ గీత మీద ఒక్క సంతకం చాలు. అబద్ధం కింద పెట్టిన సంతకంతో వచ్చే నౌకరి తనకు వద్దని ఆ క్షణంలో తేల్చుకుంది. తేల్చుకున్నాక భయం తగ్గింది.

"ఏప్రిల్ పందొమ్మిదో తారీకు పేజీ ఉన్న పుస్తకం, మేడం," అంది. గొంతు ఆమె అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది.

లక్ష్మీరాజం కనుబొమలు ముడిచాడు. "నిన్ను ఆపింది నవంబర్ల గద. ఏప్రిల్ల ఏమైంది?"

లిదియా చెప్పలేదు. చెప్పాల్సింది తాను కాదు. త్రివేణి వైపే చూస్తూ నిలబడింది, కూర్చోమన్నా కూర్చోలేదు. హాల్లో గుసగుసలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. త్రివేణి కుర్చీ చేతులు పట్టుకుని మెల్లగా లేచింది.

"చెప్త సార్. అబద్ధమాడిన. పుస్తకం ఉన్నది, నా రూముల ఉన్నది." ఆమె తలుపు వైపు చెయ్యి చూపింది. "కని జర ముందు గా తలుపు మూయించున్రి. మా అమ్మ ఆడ్నే కూసున్నది. ఫోన్ల చెప్పలేకపోయిన. మహేశ్ పేరున్న పుస్తకమొకటి దొరికిందన్న, ఇంకేం చెప్పలె. ఆటో ఎక్కి వచ్చింది."

నడిపయ్య తలుపు వైపు నడిచాడు గానీ అప్పటికే ఆలస్యమైంది. గడప మీద త్రివేణి తల్లి రామవ్వ నిలబడి ఉంది. కూతురు టేబుల్ మీద వదిలేసిన పుస్తకాన్ని రెండు చేతులతో రొమ్ముకు ఆనించుకుని ఉంది. ఆమెకు చదువు రాదు. అంతమందినీ ఒకసారి కలయజూసి, హాలు మధ్యలో నిలబడి ఉన్న లిదియా దగ్గరికి నేరుగా వచ్చి, పుస్తకం చాపింది.

"గిండ్ల నా కొడుకు పేరున్నదట బిడ్డా," అంది రామవ్వ. "జర సదివి చెప్పు. ఏమని రాసిండ్రు?"